కేసులు లేని జిల్లా, లెక్కలు లేని ఊళ్లు

2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశాఖ రోజూ విడుదల చేసే కరోనా బులెటిన్‌లో పదమూడు జిల్లాల పట్టిక ఉండేది. కర్నూలు, గుంటూరు, కృష్ణా గళ్లలో అంకెలు పూటపూటకూ మారుతుంటే రెండు గళ్లు మాత్రం కదలకుండా ఉండేవి. శ్రీకాకుళం 0. విజయనగరం 0. ఏప్రిల్ చివరి వారంలో పాతపట్నం మండలంలో తొలి కేసులు బయటపడటంతో శ్రీకాకుళం ఆ వరస నుంచి తప్పుకుంది. విజయనగరం మే మొదటి వారం దాకా నిలిచింది. రాష్ట్రంలో ఆఖరి వరకూ కేసు నమోదు కాని జిల్లా అదే. ఎండల వల్లనని కొందరు, తిండి వల్లనని కొందరు, అధికారుల అప్రమత్తత వల్లనని ఇంకొందరు తమకు తోచిన కారణాలు చెప్పుకున్నారు. ఆ సున్నా ఎలా వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

అదే ఏడాది సెప్టెంబరు 10న రాష్ట్ర ప్రభుత్వం సీరో సర్వే ఫలితాలు వెల్లడించింది. రక్తంలో కరోనా యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసి, తెలిసో తెలియకో వైరస్ సోకినవాళ్లు ఎంతమందో అంచనా వేసే సర్వే ఇది. రాష్ట్రం మొత్తానికి 19.7 శాతం వచ్చింది. శ్రీకాకుళంలో 21.5. అన్ని జిల్లాల కంటే ఎక్కువగా, 30.6 శాతంతో, విజయనగరం మొదటి స్థానంలో నిలిచింది. 2011 జనగణన ప్రకారం ఆ జిల్లా జనాభా 23.44 లక్షలు. అందులో 30.6 శాతమంటే ఏడు లక్షల మందికి పైనే.

మే మొదట్లో సున్నా, సెప్టెంబరుకు ఏడు లక్షలు. మధ్యలో నాలుగు నెలల కాలం ఉంది కాబట్టి వైరస్ విస్తరించిందన్నది నిజమే. అంతమాత్రాన అంతరం మొత్తం తీరదు. రాష్ట్రం మొత్తం మీద సెప్టెంబరు 10 నాటికి పరీక్షల్లో పాజిటివ్‌గా తేలినవాళ్లు 5 లక్షల 30 వేలకు పైగా ఉన్నారు. సర్వే ప్రకారం వైరస్ సోకినవాళ్లు దాదాపు 97 లక్షలు. మోటుగా లెక్కేసినా ఒకటికి పద్దెనిమిది. బులెటిన్ అబద్ధమాడిందా అంటే లేదు. బులెటిన్‌లో ఉన్నది పరీక్షకు వచ్చి, పాజిటివ్‌గా తేలి, ఆ ఫలితం ఆ రోజు నమోదైనవారి సంఖ్య. మనం చదువుకున్నది జిల్లాలో వ్యాధి ఉన్నవారి సంఖ్యగా. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని పట్టికలో ఏ గడీ చూపించలేదు.

ఆనాటి పరిస్థితిని బట్టి చూస్తే ఆ సున్నాలో వింతేమీ లేదు. తొలి వారాల్లో పరీక్షించే ల్యాబు జిల్లాలో లేదు, నమూనాలు బయటికి వెళ్లాలి. ఎవరిని పరీక్షించాలన్న నిబంధన కూడా ఇరుకుగానే ఉండేది: విదేశాల నుంచి వచ్చినవారు, పాజిటివ్ వ్యక్తితో దగ్గరగా మెలిగినవారు, తీవ్ర శ్వాస సమస్యతో ఆస్పత్రిలో చేరినవారు. జ్వరం వచ్చి ఇంట్లోనే పారాసిటమాల్ వేసుకుని లేచినవాళ్లు లెక్కలోకి రారు. అంటే ఆ సున్నా జిల్లా ఆరోగ్యం గురించి కొంత చెప్పింది, జిల్లాలో ఎంత వెతికారన్న దాని గురించి అంతకంటే ఎక్కువ చెప్పింది.

30.6 విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. దశాంశ బిందువు పక్కన ఒక అంకె కనిపించగానే కొలత అంత కచ్చితంగా జరిగిందన్న భ్రమ కలుగుతుంది. సర్వేలో రక్తం ఇచ్చినవాళ్లు జిల్లా జనాభాలో చిన్న ముక్క. ఏ వార్డులో, ఏ ఊళ్లో నమూనాలు తీశారన్నదాన్ని బట్టి ఫలితం అటూ ఇటూ జరుగుతుంది. యాంటీబాడీ పరీక్ష కూడా కొందరిలో ఉన్నదాన్ని పట్టుకోలేదు, కొందరిలో లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. జిల్లాలో పావు వంతుకు పైగా జనానికి సోకి ఉండవచ్చు అని చెబితే ఆ సర్వే చెప్పదగ్గంత చెప్పినట్టే. మొదటి స్థానం, రెండో స్థానం అంటూ జిల్లాలకు ర్యాంకులు ఇవ్వడం పత్రికల సరదా.

వెతికిన చోటే దొరుకుతుంది

2020 ఏప్రిల్ చివర్లో గుజరాత్‌లోని వేరావల్ నుంచి ఉత్తరాంధ్ర మత్స్యకారులను బస్సుల్లో సొంత రాష్ట్రానికి తీసుకొచ్చారు. నాలుగు వేలకు పైగా వచ్చినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం తీరాల వాళ్లే ఎక్కువ. తర్వాత చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి, సూరత్ నుంచి వలస కూలీలు వచ్చారు. వచ్చినవాళ్లను క్వారంటైన్ కేంద్రాల్లో ఉంచి పరీక్షలు చేశారు. కేసులు బయటపడ్డాయి. ఊళ్లలో వెంటనే ఒక మాట స్థిరపడింది: జబ్బును తెచ్చినవాళ్లు వీళ్లే.

బయటి నుంచి వైరస్ రావడం నిజమే కావచ్చు. అయితే ఇక్కడ లెక్క ఎలా పుట్టిందో చూడాలి. క్వారంటైన్ కేంద్రంలో ఉన్న ప్రతి ఒక్కరికీ పరీక్ష జరుగుతుంది. ఊళ్లో ఉన్నవాళ్లలో జ్వరం ముదిరి ఆస్పత్రికి వచ్చినవారికే జరుగుతుంది. వల వేసిన చోట చేపలు పడితే, వల వేయని చోట చేపలే లేవని బెస్తవాళ్లెవరూ అనరు. కేసుల లెక్కల విషయానికి వచ్చేసరికి మనం అదే అన్నాం. వలస వచ్చినవారిలో ఇన్ని కేసులు, స్థానికుల్లో ఇన్ని అని పక్కపక్కన వేసినప్పుడు, ఎవరిని ఎంతమందిని పరీక్షించారన్న మరో వరస కూడా ఉండాలి. అది లేకుండా పోల్చడం అన్యాయం. ఆ అన్యాయం ఊరి పొలిమేరలో నిలబెట్టిన మనుషుల మీద పడింది.

ఆ మరో వరస పేరే పాజిటివిటీ రేటు. పరీక్షించిన ప్రతి వందమందిలో ఎంతమందికి పాజిటివ్ వచ్చిందన్నది అది చెబుతుంది. ఇది వరసగా రెండు వారాలైనా 5 శాతం లోపు ఉంటేనే వ్యాప్తి అదుపులో ఉన్నట్టు భావించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో సూచించింది. ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. సోమవారం వెయ్యి పరీక్షలు చేస్తే 100 పాజిటివ్‌లు వచ్చాయి, మంగళవారం నాలుగు వేల పరీక్షలు చేస్తే 200 వచ్చాయి. కేసులు రెట్టింపయ్యాయి అన్నది ఒక శీర్షిక. పాజిటివిటీ సగానికి తగ్గింది అన్నది మరో శీర్షిక. రెండూ నిజాలే. ఏది ముద్రించాలో ఎంచుకోవడంలోనే అభిప్రాయం ఉంది. ఆదివారం పరీక్షలు తగ్గి, మర్నాడు బులెటిన్‌లో కేసులు తగ్గితే, వ్యాధి వెనక్కి తగ్గిందని టీవీల్లో చెప్పిన సందర్భాలు లేకపోలేదు.

రోజువారీ అంకెకు ఇంకో గుణం ఉంది. అది ఆ రోజుది కాకపోవచ్చు. 2021 జూన్ 9న బిహార్ ప్రభుత్వం తన మరణాల లెక్కను తిరగేసి, 5,458గా ఉన్న మొత్తాన్ని ఒక్కసారిగా 9,429కి సవరించింది. దాంతో ఆ రోజు దేశంలో నమోదైన కరోనా మరణాలు ఆరు వేలు దాటాయి. తేదీల వారీ గీత చూస్తే అదేదో మహా విపత్తు జరిగిన రోజులా ఆకాశానికి లేచి ఉంటుంది. నిజానికి ఆ మరణాలు అంతకు ముందు వారాల్లో, నెలల్లో జరిగినవి. ఆ రోజు జరిగింది లెక్క సరిచేయడం. మన రాష్ట్రంలో కేసుల శిఖరం 2021 మే 16న వచ్చింది: 24,171. ఆ అంకె వెనకాల కూడా నమూనా ఇచ్చిన రోజు, ఫలితం వచ్చిన రోజు, జాబితాలో ఎక్కిన రోజు అని మూడు తేదీలు ఉంటాయి.

ఎంతమంది పోయారు?

కేసుల లెక్కలో తేడా వస్తే పరీక్షలు తక్కువని సర్దుకోవచ్చు. చావు అలా కాదు, మనిషి ఉన్నాడో లేడో అందరికీ తెలుసు కదా అనుకుంటాం. లెక్క అక్కడే ఎక్కువ చిక్కుపడుతుంది. చనిపోయారన్నది తెలుస్తుంది, ఎందువల్ల అన్నది కాగితం మీద ఎవరో రాయాలి.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. ఊరు చంపావతి నది ఒడ్డున ఉంటుంది, తాగునీరు కలుషితమైందన్నది అప్పటి ప్రధాన ఆరోపణ. మృతుల సంఖ్య మీద కొన్ని రోజుల పాటు పెద్ద రగడ నడిచింది. అతిసారం వల్ల పోయింది ఒక్కరే, మిగతావారికి ఇతర జబ్బులున్నాయని అధికారుల వైపు నుంచి మొదట వినిపించింది. తర్వాత వచ్చిన నాయకుల నోట అది పది, ఆపైన కూడా అయింది. ఒకరు దాస్తున్నారని, మరొకరు పెంచుతున్నారని ఆరోపణలు. కానీ ఈ పక్షాలన్నీ ఒకే ఊళ్లో, ఒకే వారంలో పోయిన మనుషుల గురించే మాట్లాడుతున్నాయి. తేడా వచ్చింది మరణానికి పేరు పెట్టడంలో.

వైద్యులు నింపే మరణ ధ్రువీకరణ పత్రంలో వరసగా గళ్లుంటాయి: చివరి క్షణంలో ఏం జరిగింది, దానికి దారితీసింది ఏమిటి, ఈ గొలుసంతా మొదలుపెట్టిన మూల కారణం ఏమిటి. డెబ్బయ్యేళ్ల మనిషికి గుండె జబ్బు ఉంది. రెండు రోజులు విరేచనాలై ఒంట్లో నీరు, లవణాలు పోయి, రక్తపోటు పడిపోయి, గుండె ఆగింది. గుండె ఆగి పోయాడన్నది అబద్ధం కాదు. కానీ ఆ విరేచనాలే లేకపోతే ఆ వారం పోయేవాడు కాదు. మూల కారణం గడిలో అతిసారం రాయాలా, గుండె జబ్బు రాయాలా అన్నదాని మీద ఒకటి, పది మధ్య దూరం ఆధారపడి ఉంది. నా మట్టుకు, విరేచనాలతో మొదలై మూడు రోజుల్లో ముగిసిన మరణాన్ని పాత జబ్బు ఖాతాలో వేయడం వైద్యం కంటే పరిపాలనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

అసలు ఆ పత్రం నింపే వైద్యుడు ఉంటేనే ఈ చర్చ. దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యపరంగా కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావారు ఇంట్లోనో దారిలోనో పోయారు, లేదా కారణం రాసే ఏర్పాటు లేని చోట పోయారు. ఇక నమోదు విషయం. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం జరిగిన చోటే నమోదు చేయాలి, మనిషి సొంతూరులో కాదు. ఇచ్ఛాపురం వాళ్లకు శ్రీకాకుళం కంటే ఒడిశాలోని బరంపురం చాలా దగ్గర. పెద్ద జబ్బయితే విశాఖలోని ప్రభుత్వ పెద్దాస్పత్రి కేజీహెచ్‌కు పోవాల్సిందే. అలా పోయి ప్రాణం దక్కనివారు విశాఖ లెక్కలోనో, పక్క రాష్ట్రం లెక్కలోనో చేరతారు. పెద్దాస్పత్రులు లేని జిల్లాలో మరణాలు తక్కువగా, అవి ఉన్న నగరంలో ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

కరోనా మరణాల్లో ఇవన్నీ కలిసి వచ్చాయి. మన రాష్ట్రంలో అధికారికంగా 14,733 మంది చనిపోయారు, కేసులు సుమారు 23 లక్షలు. భాగిస్తే మరణాల రేటు 0.63 శాతం. ఈ భిన్నంలో హారం తక్కువని సీరో సర్వే ముందే చెప్పింది, అంటే సోకినవాళ్లు కేసుల కంటే చాలా ఎక్కువ. లవం కూడా తక్కువేనని తర్వాత తెలిసింది. పరీక్ష చేసిన 30 రోజుల్లోపు జరిగిన మరణాన్ని, ఆస్పత్రి బయట జరిగినా సరే, కరోనా మరణంగానే చూడాలని 2021 సెప్టెంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారాన్ని సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 2022 జనవరి నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దరఖాస్తులు సుమారు 36 వేలు. అప్పటికి అధికారిక మరణాలు 15 వేల లోపే. దరఖాస్తులన్నీ అర్హమైనవి కాకపోవచ్చు. అయినా పైన ఒకటి, కింద ఒకటి తప్పుగా ఉన్న భిన్నం నుంచి తీసిన 0.63ను, మన రాష్ట్రంలో మరణాల రేటు తక్కువ అని చెప్పుకోవడానికి రెండేళ్ల పాటు వాడుకున్నాం.

దేశం మొత్తానికి చూస్తే ఈ ఖాళీ ఇంకా పెద్దది. 2021లో నమోదైన మొత్తం మరణాలు, అన్ని కారణాలవీ కలిపి, 1.02 కోట్లు. అంతకు ముందు ఏడాది 81 లక్షలు. ఒక్క ఏడాదిలో 21 లక్షల పెరుగుదల. ఆ ఏడాది అధికారిక కరోనా మరణాలు 3.3 లక్షలు. నమోదు మెరుగుపడటం, 2020 లాక్‌డౌన్‌లో నమోదు కానివి తర్వాత చేరడం లాంటివి కొంత ఉండవచ్చు. అయినా చాలా మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో 2020, 2021 రెండేళ్లకూ కలిపి భారత్‌లో 47 లక్షల అదనపు మరణాలని, అంటే మామూలుగా జరగాల్సిన వాటికంటే అన్ని ఎక్కువని, అంచనా వేసింది. ఆ గణిత పద్ధతిని కేంద్ర ప్రభుత్వం తప్పుపట్టింది. అది గణిత మోడళ్ల మీద కట్టిన అంచనా కాబట్టి వాదనకు చోటుంది. నమోదైన 1.02 కోట్ల మీద వాదించడం కష్టం, అది ప్రభుత్వం సొంత లెక్క. అందుకే కాబోలు అది 2025లో గానీ బయటికి రాలేదు.

ఉద్దానం: అందరి దగ్గరా ఒక అంకె

కరోనా లెక్కల్లో లోపాలు ఎన్ని ఉన్నా రోజుకో పట్టిక అయినా ఉండేది. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతానికి దశాబ్దాల పాటు ఏ పట్టికా లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య మనుషులు మూత్రపిండాల జబ్బుతో పోతున్నారన్న సంగతి గత శతాబ్దం చివరి నుంచే వైద్యుల దృష్టిలో ఉంది. మధుమేహం లేదు, చెప్పుకోదగ్గ రక్తపోటు లేదు, అయినా కిడ్నీలు పాడవుతున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కనిపించేది కూడా ఈ తరహా జబ్బే. కారణం నీరా, వేడిలో చాకిరీయా, పురుగుమందులా, నేలలోని లోహాలా అన్నది ఇప్పటికీ తేలలేదు.

లెక్క లేని చోట ప్రతి వేదికకూ ఒక లెక్క పుడుతుంది. ఉద్దానంలో ఇన్ని వేలమంది చనిపోయారన్న మాట పార్టీని బట్టి, ఏడాదిని బట్టి, మైకును బట్టి మారుతూ వచ్చింది. ఎవరూ కావాలని కట్టుకథ అల్లలేదనే అనుకుందాం. ఇంట్లో పోయిన మనిషికి వైద్య పత్రం ఉండదు, బరంపురంలో పోతే జిల్లా రికార్డులో ఉండదు. పిల్లల పెళ్లి సంబంధాలు చెడతాయని కిడ్నీ మాట దాచిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ ఖాళీని అంచనాలు నింపాయి. అంచనాలను పత్రికలు అచ్చేశాయి, అచ్చయినదాన్ని చూపించి మళ్లీ వేదికల మీద చదివారు. ఇలా నాలుగుసార్లు తిరిగేసరికి అంచనాకు మూలం ఎవరికీ గుర్తుండదు.

తర్వాత నిజమైన సర్వేలు వచ్చాయి. 2019లో ఒక బృందం ప్రచురించిన పత్రంలో పరీక్షించిన పెద్దల్లో సుమారు 18 శాతం మందికి, 2020లో మరో బృందం పత్రంలో సుమారు 21 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. ఏడాదిలో మూడు శాతం పెరిగిందని దీన్ని చదివితే తప్పు. రెండు బృందాలు ఎంచుకున్న ఊళ్లు వేరు, మనుషులు వేరు. రెంటినీ కలిపి ఐదుగురు పెద్దల్లో ఇంచుమించు ఒకరు అని అర్థం చేసుకోవచ్చు.

ఆ ఒక్కరి పరిస్థితి ఏమిటన్నది అసలు ప్రశ్న. జబ్బును ఐదు దశలుగా విభజిస్తారు. మూత్రంలో కాస్త ప్రొటీన్ పోతూ, ఏ ఇబ్బందీ లేకుండా కొబ్బరి చెట్టెక్కి దిగుతున్న మనిషీ ఈ 20 శాతంలో ఉంటాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మంచం మీద పడుకునే మనిషీ ఇందులోనే ఉంటాడు. వీళ్లిద్దరినీ ఒకే సంఖ్యలో చుట్టి, ఉద్దానంలో ఇంటికో కిడ్నీ రోగి అని రాస్తే, వినేవాళ్ల కళ్ల ముందు ఇంటికో డయాలసిస్ మంచం మెదులుతుంది. సంబంధాలు తప్పిపోయేది ఆ దృశ్యం వల్లే.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. దేశంలోని పలు నగరాల్లో శిబిరాలు పెట్టి చేసిన ఒక సర్వే 2013లో ప్రచురితమైంది. అందులో కిడ్నీ జబ్బు 17.2 శాతం, మూడో దశ లేదా ఆపైన ఉన్నవాళ్లు సుమారు 6 శాతం. శిబిరానికి తమంతట తాము వచ్చినవాళ్లు కాబట్టి ఆ సంఖ్య కొంత ఎక్కువే పలికి ఉంటుంది. అయినా 17 పక్కన 20ని పెట్టి చూడండి, ఉద్దానం పెద్ద విడ్డూరంగా కనిపించదు. విడ్డూరమంతా మరోచోట ఉంది. మిగతా దేశంలో కిడ్నీ రోగుల్లో మధుమేహం, రక్తపోటు ముందు వరసలో ఉంటాయి. ఉద్దానంలో అత్యధికులకు అవేవీ లేవు, కారణమే తెలియదు. సభల్లో, శీర్షికల్లో గట్టిగా వినిపించింది మొత్తం రోగుల సంఖ్య. చెప్పాల్సింది కారణం తెలియని వాటా, మూడో దశ దాటినవారి వాటా.

ఈ ప్రాంతంలో ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా క్రియాటినిన్ మాట వినిపిస్తుంది. మీకెంత ఉంది, మొన్న ఎంత, ఇప్పుడెంత. బడికి పోని ముసలమ్మ కూడా దశాంశాలతో సహా చెబుతుంది. కానీ ఒకే క్రియాటినిన్ ఇద్దరిలో ఒకే అర్థాన్నివ్వదు. అది కండరాల నుంచి వచ్చే వ్యర్థ పదార్థం, వయసును బట్టి, ఆడ మగను బట్టి, ఒంటి పుష్టిని బట్టి మారుతుంది. అందుకే వైద్యులు దాన్ని ఒక సూత్రంలో వేసి ఈజీఎఫ్ఆర్ లెక్కిస్తారు. నిమిషానికి కిడ్నీలు ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని వడకడుతున్నాయన్న అంచనా అది. ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 నాటి సూత్రంలో 1.2 వేసి చూస్తే, పాతికేళ్ల యువకుడికి సుమారు 86 వస్తుంది, అంటే కంగారు పడాల్సింది లేదు. అదే 1.2 ఉన్న అరవై ఏళ్ల స్త్రీకి సుమారు 52 వస్తుంది, అంటే మూడో దశ. ల్యాబు కాగితం మీద ఇద్దరిదీ ఒకే అంకె.

ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమనీ కాదు. వైద్య నిర్వచనం ప్రకారం ఆ స్థితి కనీసం మూడు నెలలు కొనసాగాలి. మిట్టమధ్యాహ్నం దాకా జీడితోటలో పని చేసి, సరిగా నీళ్లు తాగకుండా శిబిరానికి వచ్చినవారి క్రియాటినిన్ ఆ పూటకు పెరిగి ఉండవచ్చు. ఒక్కసారి రక్తం తీసి చేసిన సర్వేలో వీళ్లూ రోగులుగానే లెక్కకొస్తారు. మూడు నెలలకు మళ్లీ అదే మనుషుల్ని వెతికి పట్టుకుని పరీక్షించడం ఖర్చుతో కూడిన పని. అందుకే సర్వే చదివేటప్పుడు, పరీక్ష ఒకసారి చేశారా రెండుసార్లా అని చూడటం శాతం ఎంతో చూడటమంత ముఖ్యం.

అంకెకు డబ్బు ముడిపడినప్పుడు దాని స్వభావమే మారిపోతుంది. డయాలసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు 10 వేల రూపాయలకు పెంచారు. డయాలసిస్ దాకా రాని రోగుల పింఛనుకు పరీక్షా ఫలితాల్లో హద్దులు పెట్టారు. క్రియాటినిన్ హద్దు 5 అనుకుందాం. 4.9 ఉన్న మనిషికి, 5.1 ఉన్న మనిషికి ఒంట్లో తేడా లేదు. సంచిలో తేడా ఉంది. జబ్బు ఇంకొంచెం ముదిరితే బాగుండునని మనిషి కోరుకునే పరిస్థితిని ఆ గీత తెచ్చిపెడుతుంది. ఆ గీత గీసినవాళ్లు చెడ్డవాళ్లని నా ఉద్దేశం కాదు, ఎక్కడో ఒకచోట గీయాలి. కానీ పింఛనుదార్ల జాబితా తీసుకుని ఉద్దానంలో రోగులు ఇంతమందేనని ఒకరు, పింఛను పెంచాక జాబితా పొడవైతే జబ్బు విస్తరించిందని మరొకరు వాదిస్తుంటే, ఇద్దరూ నిబంధనను కొలుస్తున్నారు, జబ్బును కాదు.

పథకాల ప్రకటనల్లో మరో రకం గారడీ ఉంది. ఏడాదిలో ఇన్ని వేల డయాలసిస్‌లు చేశాం అంటారు. వారానికి రెండు మూడుసార్లు చేయించుకునే ఒక్క రోగికే ఏడాదికి వంద నుంచి నూట యాభై దాకా అవుతాయి. అంటే 15 వేల డయాలసిస్‌లంటే దాదాపు నూరు, నూట యాభై మంది. ఇది ఒక్క ఉద్దానం మాటే కాదు. 2021 అక్టోబరు 21న దేశమంతా సంబరం చేసుకున్న వంద కోట్ల టీకాలు కూడా డోసుల లెక్కే. రెండు డోసులూ పూర్తయినవాళ్లు ఆ రోజుకు 30 కోట్లకు దగ్గరగా ఉన్నారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, దాంతో పాటు హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమయ్యాయి. పడకలు, కోట్లు పెట్టుబడి లెక్కలు. వాటి ఫలితాన్ని చూపించాల్సిన సంఖ్య వేరే ఉంది: ఏటా కొత్తగా జబ్బు బయటపడుతున్నవాళ్లు ఎంతమంది? దానికి అవే ఊళ్లలో, అవే పద్ధతుల్లో, ఏళ్ల తరబడి పరీక్షలు జరగాలి. అలాంటి సంఖ్య చేతిలో లేకుండా, నీళ్లు వచ్చాయి కాబట్టి జబ్బు తగ్గిందని గానీ తగ్గలేదని గానీ ఎవరు అన్నా అది నమ్మకమే. నీరే కారణం కాకపోయినా శుభ్రమైన నీళ్లు తాగే హక్కు ఆ ఊళ్లకు ఉంది, అది వేరే సంగతి.

హారం మారిపోయిన జిల్లాలు

ఇక ముందు ఈ జిల్లాల వ్యాధి లెక్కలు చూసేవాళ్లకు ఒక చిక్కు సిద్ధంగా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించారు. పాత శ్రీకాకుళం జనాభా 27 లక్షలు, కొత్త శ్రీకాకుళానిది 21.9 లక్షలు. పాలకొండ వైపు ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం వైపు ప్రాంతం విజయనగరంలోకి వెళ్లాయి. విజయనగరం 23.4 లక్షల నుంచి 19.3 లక్షలకు తగ్గింది. మన్యం జిల్లాది 9.25 లక్షలు. 2021తో పోలిస్తే శ్రీకాకుళంలో మలేరియా తగ్గిందని ఎవరైనా రాస్తే, మలేరియా ఎక్కువగా ఉండే కొండ ప్రాంతాలు కొన్ని ఇప్పుడు ఆ జిల్లాలో లేవన్నది ముందు గుర్తుకు రావాలి. ఉద్దానం మండలాలు మాత్రం మొత్తంగా శ్రీకాకుళంలోనే ఉన్నాయి. అంటే కిడ్నీ రోగులు అంతేమంది ఉన్నా, జిల్లా జనాభా తగ్గడంతో లక్షకు ఇంతమంది అన్న రేటు రాత్రికి రాత్రి పెరుగుతుంది.

పైగా ఈ జనాభా అంకెలన్నీ 2011వి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, ఇప్పుడు 2027కు నిర్ణయించారు. 2011 తర్వాత పుట్టినవాళ్లు, పనికోసం చెన్నైకో హైదరాబాద్‌కో పోయి అక్కడే ఉండిపోయినవాళ్లు ఏ హారంలోనూ సరిగా లేరు. కవిటి, వజ్రపుకొత్తూరు లాంటి వలస మండలాల్లో కొత్త లెక్క పాతదాని కంటే ఎంత తేడాగా వస్తే, కిడ్నీ జబ్బు రేటు అంతగా మారుతుంది. ఒక్క కొత్త రోగి చేరకుండానే, ఒక్క పాత రోగి కోలుకోకుండానే.